‘రాజీనామా చేశారట’: ఆ ‘ట’ని వదలకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో మీడియా మానిటరింగ్ డెస్క్‌లో చేరి మూడు వారాలైంది. పొరుగు దేశంలో ప్రభుత్వం ఇవాళో రేపో అన్నట్టుంది. రోజుకు పది గంటలు అక్కడి చానెళ్లు చూస్తున్నారు. రాత్రి రిపోర్ట్ రాయడానికి కూర్చుంటే చేతిలో ఏమీ ఉండటం లేదు, రాసిన కాస్తా తెల్లారేసరికి తప్పవుతోంది. ఎలా వినాలి, ఏం రాయాలి, ఏ రేడియో కొనాలి అని అడిగారు.

ఈ పని ముప్ఫై ఏళ్లు చేశాను. పాకిస్తాన్, బంగ్లాదేశ్ ప్రసారాలు ఎక్కువగా చూశాను, అవసరమైనప్పుడు మిగతావీ చూశాను. ఉర్దూ మలక్‌పేట గల్లీల్లో వచ్చింది, బెంగాలీ పనిలో పడ్డాక నేర్చుకున్నాను. మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. అది మీ తెలివికి సంబంధించింది కాదమ్మా, పని ఏమిటన్నది మీకెవరూ చెప్పకపోవడం వల్ల వచ్చింది. మీరు ‘అక్కడ ఏం జరిగింది’ అని రాయాలనుకుంటున్నారు. మనం రాయాల్సింది ‘అక్కడ ఎవరు, ఎప్పుడు, ఏ మాటతో చెప్పారు’ అన్నది. ఈ రెంటి మధ్య దూరం మామూలు రోజుల్లో కనబడదు. ప్రభుత్వాలు కూలే రోజుల్లో మాత్రం మనిషిని ముంచేస్తుంది.

ఇది నాకు ఉద్యోగంలో రాలేదు, ఇంట్లో వచ్చింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. నెల రోజుల తర్వాత, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ తిరిగి వచ్చేదాకా ఊరంతా ఒకటే టెన్షన్. ఎమ్మెల్యేలు ఎక్కడున్నారు, ఎంతమంది ఎటున్నారు అన్నదే మాట. ఆకాశవాణి ప్రభుత్వం చేతిలోది కాబట్టి, చీకటి పడితే మా ఇంటి వరండాలో పదిమంది మా చిన్నాయన మర్ఫీ రేడియో చుట్టూ చేరి బీబీసీ కోసం చెవులు రిక్కించేవాళ్లు. మన ఊరి సంగతి మనం లండన్ నుంచి వినాల్సి వచ్చింది.

చిన్నాయన నాకో లాంగ్ నోట్‌బుక్ ఇచ్చి మూడు గడులు గీయించాడు. టైం, ఎవరు చెప్పారు, ఏమన్నారు. నేను ఉత్సాహంగా నాలుగో గడి గీసి ‘ఏమైంది’ అని పైన రాశాను. ఆయన స్కేలు పెట్టి దాన్ని కొట్టేశాడు. ‘అది నీకు తెలియదు, రేడియోవాడికీ తెలియదు. తెలిసిన మూడు రాయి’ అన్నాడు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను గానీ, రెండు నెలలు తిరక్కుండానే అర్థమైంది. అక్టోబర్ 31న ఇందిరా గాంధీని కాల్చారు. ఆమె చనిపోయిందని విదేశీ స్టేషన్లు మధ్యాహ్నమే చెప్పాయి. ఆకాశవాణి ఆ మాట సాయంత్రం 6 గంటలకు గానీ చెప్పలేదు. ఆ కొన్ని గంటల్లో మా నోట్‌బుక్‌లో ఉన్నది ఇంతే: ఈ టైంకి ఈ స్టేషన్ మరణం అంది, అదే టైంకి ఆ స్టేషన్ గాయపడ్డారని మాత్రమే అంది. ఈ రెండు వాక్యాలూ నిజమే. ఇప్పటికీ నిజమే.

మన భాషలో దీనికి ఒక అక్షరం ఉంది. ‘వెళ్లిపోయాడు’, ‘వెళ్లిపోయాడట’. ఆ ‘ట’ ఒక్కటీ చేరితే చెబుతున్నవాడు చూడలేదని, ఇంకెవరో చెబితే విన్నాడని వినేవాళ్లకి తెలిసిపోతుంది. ఇంట్లో మనం దీన్ని ఎప్పుడూ తప్పు వాడం. ‘పక్కింటావిడ ఊరెళ్లిందట’ అంటామే గానీ, చూడకుండా ‘వెళ్లింది’ అనం. ఆఫీసులో ఇంగ్లిష్‌లో రిపోర్ట్ రాయడం మొదలుపెట్టగానే ఈ జాగ్రత్త జారిపోతుంది. అందుకే నా రఫ్ నోట్స్ చివరిదాకా తెలుగులోనే రాసుకున్నాను. ఎవరి నోటి మాటైనా దాని వెనక ‘ట’ పెట్టేవాణ్ణి. రిపోర్ట్‌లోకి ఎక్కించేటప్పుడు ప్రతి ‘ట’ దగ్గరా ఆగి, ఎవరు అన్నారో పేరు రాసేవాణ్ణి. పేరు దొరక్కపోతే ఆ వాక్యం రిపోర్ట్‌లోకి వెళ్లేది కాదు.

2024 ఆగస్టు 5న ఢాకాలో జరిగింది దీనికి సరైన ఉదాహరణ. ఆ రోజు సైన్యాధిపతి జనరల్ వాకెర్ ఉజ్ జమాన్ జాతినుద్దేశించి మాట్లాడతారని ప్రకటించారు. మొదట మధ్యాహ్నం 2 గంటలకన్నారు, తర్వాత 3 అన్నారు. ఆయన తెర మీదకు వచ్చేసరికి దాదాపు 4 అయింది. ఇలాంటి రోజు ప్రసంగం వెనక్కి జరగడమే పెద్ద వార్త. లోపల ఇంకా ఏదో తెగలేదని అర్థం. కాబట్టి ప్రసంగం కోసం ఖాళీగా ఎదురుచూడకండి, వాయిదా పడిన ప్రతిసారీ టైంతో సహా ఒక లైను రాయండి.

ఆయన మాట్లాడినప్పుడు ప్రధాని షేక్ హసీనా రాజీనామా చేశారని, మధ్యంతర ప్రభుత్వం వస్తుందని చెప్పారు. ఆ రాత్రి అధ్యక్షుడు మహమ్మద్ షహాబుద్దీన్ కూడా టీవీలో, రాజీనామా తనకు అందిందని చెప్పారు. ప్రపంచమంతా ‘హసీనా రాజీనామా’ అని రాసింది. అక్టోబర్‌లో అదే అధ్యక్షుడు ఒక సంపాదకుడితో మాట్లాడుతూ, ఆమె రాజీనామా చేశారని తానూ విన్నానే తప్ప తన దగ్గర పత్రం ఏదీ లేదని అన్నారు. దేశమంతా మళ్లీ గొడవ. ఆయన మాటను తెలుగులో రాస్తే అచ్చంగా ‘చేశారట’ అనే. ఇప్పుడు ఆగస్టు 5 నాటి రిపోర్ట్‌లు తీసి చూడండి. ‘హసీనా రాజీనామా చేశారు’ అని రాసినవాళ్లు అక్టోబర్‌లో సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ‘హసీనా రాజీనామా చేసినట్టు సైన్యాధిపతి సాయంత్రం ప్రసంగంలో చెప్పారు, రాత్రి అధ్యక్షుడు పత్రం అందిందన్నారు’ అని రాసినవాళ్లు ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

మీ రిపోర్ట్ తెల్లారేసరికి తప్పవుతోందన్నారు కదా. జరిగినదాన్ని రాస్తే తప్పవుతుంది. అన్నదాన్ని రాస్తే రేపు వాళ్లే మాట మార్చినా మీ కాగితం చెక్కుచెదరదు. పైగా మాట మార్చారన్న సంగతి మీ దగ్గరే దొరుకుతుంది.

ఇక ఎన్ని చానెళ్లు చూడాలంటే, మీరు చూస్తున్నవాటిలో సగం తగ్గించండి. ముందు ప్రభుత్వ చానెల్. అది ఎంత చప్పగా ఉన్నా వదలొద్దు, నిజానికి చప్పగా ఉంటుంది కాబట్టే వదలొద్దు. తర్వాత దేశంలోపల జనం ఎక్కువగా చూసే ప్రైవేటు చానెల్ ఒకటి. మూడోది ఆ భాషలోనే బయటి దేశం నుంచి ప్రసారం చేసేది. ఈ మూడింటినీ ఒకే బులెటిన్ వేళకు, ఉదయం ఒకసారి రాత్రి ఒకసారి, క్రమం తప్పకుండా వినండి. మధ్యలో మిగతావి తిప్పి చూడొచ్చు. పది చానెళ్ల టిక్కర్లు, అంటే తెర కింద పరుగెత్తే వార్తలు, వెంటాడితే రాత్రికి తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. అవన్నీ ఒకే వార్తా ఏజెన్సీ ముక్కను తిప్పి తిప్పి వేస్తుంటాయి. అయిదు చానెళ్లలో వచ్చింది కదా అని నిజమనుకుంటాం. మూలం ఒకటే అయితే అయిదూ కలిపి ఒకటే.

ప్రభుత్వ చానెల్ మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో తెలియకపోతే అసలు రోజున దాన్ని చదవలేరు. బులెటిన్‌లో మొదటి వార్త ఎవరిది, ప్రధానిని పేరుతో పిలుస్తారా ‘గౌరవనీయులైన’ అని మొదలెడతారా, సైన్యాధిపతిని వారానికి ఎన్నిసార్లు చూపిస్తారు, వార్తల తర్వాత ఏం వేస్తారు. ఈ విసుగు పుట్టించే వివరాలన్నీ ముందే ఒక పేజీలో రాసి పెట్టుకోవాలి. 1982 నవంబర్ 10 ఉదయం సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ చనిపోతే సోవియట్ ప్రభుత్వం ఆ సంగతి మర్నాడు గానీ చెప్పలేదు. కానీ ఆ సాయంత్రమే టీవీలో వేయాల్సిన కార్యక్రమాలు తీసేసి గంభీరమైనవి వేశారు. రోజూ చూసేవాళ్లు ఎవరో పెద్దాయన పోయాడని అప్పుడే గ్రహించారు. రోజూ చూడనివాళ్లకి అది వట్టి సంగీతం.

1999 అక్టోబర్ 12 రాత్రి నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. బేగంపేటలో మా ఆఫీసు మేడ మీద ఒక పెద్ద డిష్ ఉండేది, పాకిస్తాన్ ప్రభుత్వ చానెల్ పీటీవీ బాగా వచ్చేది. ఆ సాయంత్రం ముషారఫ్‌ను తీసేసి జియావుద్దీన్‌ను సైన్యాధిపతిగా నియమించినట్టు పీటీవీ చెప్పింది. రాసుకున్నాం. కాసేపటికి ప్రసారం ఆగిపోయింది. తెర మీద ఏమీ లేదు. నాతో ఉన్న కుర్రాడు డిష్ కదిలిందేమోనని మేడ మీదకు పరుగెత్తాడు. నేను పక్క చానెల్ పెట్టి చూశాను, అదే ఉపగ్రహం మీది మిగతావి శుభ్రంగా వస్తున్నాయి. అంటే లోపం మన దగ్గర లేదు. ఆ ఒక్క చిన్న పరీక్ష మీరూ అలవాటు చేసుకోండి. ఏ చానెల్ ఆగినా ముందు మీ నెట్, మీ కేబుల్, పక్క చానెల్ చూసి, అప్పుడే ‘ప్రసారం ఆగింది’ అని రాయండి. ఆ రాత్రి మా లాగ్‌లో, అంటే టైం వారీగా రాసుకునే పుస్తకంలో, అన్నిటికంటే ముఖ్యమైన లైను అదే. ప్రధాని నవాజ్ షరీఫ్ ప్రభుత్వాన్ని సైన్యం తీసేసినట్టు ప్రకటన ఆ తర్వాత రాత్రికి వచ్చింది. ముషారఫ్ మాట్లాడేసరికి మన గడియారంలో తెల్లవారుజామున 3 దాటింది. ఫ్లాస్క్‌లో చాయ్ ఎప్పుడో అయిపోయింది, ఎవరూ కుర్చీ వదల్లేదు.

స్టేషన్ మీద ఎవరి చేయి ఉందన్నది చాలా సంగతులు చెబుతుంది. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో ఎమర్జెన్సీ ప్రకటన వచ్చింది సైన్యం సొంత చానెల్ మ్యావడీలో, ప్రభుత్వ చానెల్ అప్పటికే అంతరాయంలో ఉంది. 2022 జులై 13న కొలంబోలో నిరసనకారులు ప్రభుత్వ టీవీ రూపవాహిని స్టేషన్‌లోకి వెళ్లాక ప్రసారం కాసేపు నిలిచింది. 2024 జులై 18న ఢాకా రాంపురాలో బంగ్లాదేశ్ టెలివిజన్ భవనానికి నిప్పు పెట్టారు, ఆ రాత్రే దేశమంతటా ఇంటర్నెట్ పోయింది. 2025 సెప్టెంబర్ 9న ఖాట్మండులో నేపాల్ ప్రధాని ఓలీ రాజీనామా చేసిన రోజే కాంతిపుర్ మీడియా భవనం తగలబడింది. అంటే మీరు నమ్ముకున్న మూడు చానెళ్లలో ఒకటి సరిగ్గా అవసరమైన రోజున పోవచ్చు. నాలుగోది ముందే చూసి ఉంచుకోండి.

మన ఊరికీ ఇది కొత్త కాదు. 1948 సెప్టెంబర్ 17 సాయంత్రం నిజాం డెక్కన్ రేడియోలో స్వయంగా మాట్లాడటం తాను విన్నానని మా తాత చెప్పేవాడు. అంతకు నాలుగు రోజుల ముందే భారత సైన్యం కదిలింది, ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటున్నారు. ఆ గొంతు రేడియోలో వినబడగానే, ఏం చెప్పబోతున్నాడో వినకముందే అయిపోయిందని పెద్దవాళ్లకి తెలిసిపోయిందట. (తాత చెప్పింది కాబట్టి ‘ట’.)

లోపలినుంచి పగుళ్లు వచ్చినప్పుడు కూడా మొదట కనబడేది ప్రభుత్వ చానెల్లోనే. 1991 ఆగస్టు 19 ఉదయం నేను రేడియో మాస్కో ఇంగ్లిష్ ప్రసారం పెట్టాను. సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ ఆరోగ్యం బాగాలేనందున ఉపాధ్యక్షుడు యనాయెవ్ బాధ్యతలు తీసుకున్నారని చదువుతున్నారు. అక్కడ టీవీలో ‘స్వాన్ లేక్’ బ్యాలే వేశారు. అంతా పకడ్బందీగా ఉన్నట్టే ఉంది. కానీ అదే రాత్రి ప్రభుత్వ టీవీ ప్రధాన బులెటిన్ ‘వ్రెమ్యా’లో, ఆ కుట్రను ఎదిరించిన రష్యా నాయకుడు యెల్ట్సిన్ ట్యాంకు ఎక్కి మాట్లాడుతున్న దృశ్యం ప్రసారమైంది. ఎదిరించే నాయకుణ్ణి విదేశీ చానెల్ చూపిస్తే అది మామూలు సంగతి. తిరుగుబాటు చేసినవాళ్ల చేతిలో ఉన్న చానెలే చూపించింది. లోపల ఎవరో మాట వినడం లేదన్నమాట. రెండు రోజుల్లో కుట్ర కూలిపోయింది. చప్పటి చానెల్‌ని వదలొద్దన్నది ఇందుకే.

ఇప్పుడు మాటల సంగతి. నా దృష్టిలో ఈ పనికి గుండెకాయ ఇది, కొత్తవాళ్లు ఎక్కువగా జారేదీ ఇక్కడే.

బెంగాలీ ప్రసారాల్లో రెండు మాటలు వింటారు. ఒకటి ‘అంతర్బర్తీకాలీన్ సర్కార్’, రెండోది ‘తత్త్వాబధాయక్ సర్కార్’. తొందరలో రెండింటినీ ‘ఆపద్ధర్మ ప్రభుత్వం’ అని రాసేస్తాం. కానీ బంగ్లాదేశ్‌లో రెండోది ఒక ప్రత్యేకమైన ఏర్పాటు. ఎన్నికలు జరపడానికి పార్టీలతో సంబంధం లేని ప్రభుత్వం ఉండాలని 1996లో రాజ్యాంగంలో చేర్చారు, 2011లో 15వ సవరణతో తీసేశారు. దాని చుట్టూ ఏళ్ల తరబడి ఉద్యమాలు నడిచాయి. కాబట్టి ఒక నాయకుడు ఈ రెండింట్లో ఏ మాట ఎంచుకున్నాడన్నది నోటికొచ్చినట్టు జరిగేది కాదు. 2024 ఆగస్టు 5న సైన్యాధిపతి వాడింది మొదటిది. రెండూ ఒకటే అని రాసిన రిపోర్ట్‌లో ఆ తేడా ఇక మళ్లీ దొరకదు. అలాగే పాకిస్తాన్ ఉర్దూలో ఎన్నికల ముందు వచ్చేది ‘నిగ్రాన్ హుకూమత్’, మధ్యంతరం అనడానికి ‘ఉబూరీ’. తెలుగులో దగ్గరి మాట రాసినా, పక్కన వాళ్ల మాట యథాతథంగా తెలుగు లిపిలో పెట్టండి. తర్వాత చదివేవాళ్లకి అదే ఆధారం.

1999లో ముషారఫ్ తనను మార్షల్ లా (సైనిక పాలన) పాలకుడు అని పిలుచుకోలేదు, ‘చీఫ్ ఎగ్జిక్యూటివ్’ అన్నారు. 1977లో జియా ఉల్ హక్ మాత్రం చీఫ్ మార్షల్ లా అడ్మినిస్ట్రేటర్ అనే పేరే పెట్టుకున్నారు. పని ఒకటే కావచ్చు, పేరు ఎందుకు మారిందన్నదే చదివేవాళ్లకి కావాలి. మనం ఇక్కడ కూర్చుని ‘ఎలాగూ మార్షల్ లాయే కదా’ అని మన మాట రాసేస్తే వాళ్లకి కావలసిందే పోతుంది.

జనాన్ని ఏమంటున్నారో కూడా చూడండి. ఢాకా చానెళ్లలో 2024 జులైలో ‘దుష్కృతకారీ’ అన్న మాట తెగ వినబడేది, అంటే దుండగులు. ఆగస్టు 5 తర్వాత ‘ఛాత్ర-జనతా’ అన్న మాట అన్నిచోట్లా వచ్చింది, విద్యార్థులు ప్రజలు కలిసి అని. వీధిలో ఉన్నది అదే జనం. పేరు మారిన గంట ఏదో మీ లాగ్‌లో ఉంటే, ఆ చానెల్ ఎప్పుడు గాలి మార్చుకుందో దొరికినట్టే. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. నోట్‌బుక్ వెనక పేజీలో అయిదారు మాటలు రాసుకుని, ఏది ఎప్పుడు మొదలైంది, ఏది ఎప్పుడు ఆగిపోయింది అని తేదీ వేసుకుంటూ పోతే చాలు.

ఒకే మనిషి రెండు భాషల్లో మాట్లాడితే రెండూ వినాలి. 2007 నవంబర్ 3న ఎమర్జెన్సీ పెట్టిన రాత్రి ముషారఫ్ పీటీవీలో చాలాసేపు ఉర్దూలో మాట్లాడి, చివర్లో ఇంగ్లిష్‌లోకి మారి పశ్చిమ దేశాలకు విడిగా చెప్పుకున్నారు. అక్కడ అబ్రహాం లింకన్ ప్రస్తావన తెచ్చారు. ఇంగ్లిష్ భాగం మాత్రమే విన్నవాళ్లకి ఒక ముషారఫ్, ఉర్దూ విన్నవాళ్లకి ఇంకో ముషారఫ్. ఆ రోజు పాకిస్తాన్ కేబుల్‌లో ప్రైవేటు న్యూస్ చానెళ్లు ఆపేశారు. వాటిలో జియో అనే పాకిస్తానీ చానెల్ మాత్రం దుబాయ్ నుంచి ప్రసారమయ్యేది కాబట్టి డిష్ ఉన్న మాకు వస్తూనే ఉంది. కరాచీలో ఇంట్లో కూర్చున్నవాళ్లు చూడలేనిది మేం బేగంపేటలో చూశాం. అప్పుడు రిపోర్ట్ మీద ఒక ముక్క తప్పక రాయాలి: ఇది ఆ దేశంలో జనానికి కనబడుతోందా లేదా. ‘చానెల్ చెప్పింది’ అంటే జనం విన్నారని కాదు. తర్వాత రెండు వారాలకు దుబాయ్ నుంచి కూడా ఆపించారు.

నా తప్పు ఒకటి చెబుతాను, మీకు పనికొస్తుంది. చేరిన కొత్తలో, ఒక దేశంలో గొడవ జరుగుతుండగా, తెర మీద సైనిక వాహనాలు వరసగా పోతుంటే ‘రాజధాని వీధుల్లోకి సైన్యం’ అని రాసి పైకి పంపేశాను. మా డెస్క్ పెద్దాయన టేపు వెనక్కి తిప్పించి, తెర మీద వేలు పెట్టి చూపించారు. వీధి పక్కన నిలబడ్డవాళ్లు స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. అప్పుడు జూన్ నెల. మూలన చిన్న అక్షరాల్లో పాత దృశ్యాలని రాసి కూడా ఉంది, నేను చూసుకోలేదు. ఆ సవరణ పంపడానికి మాకు నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు నా రిపోర్ట్ నమ్మి ఎవరెవరు ఏం నిర్ణయించి ఉంటారోనని ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పటినుంచి దృశ్యం కనబడగానే ముందు బట్టలు, నీడలు, షాపు బోర్డులు, తడి రోడ్డా పొడి రోడ్డా చూసి, తర్వాతే మాట వింటాను. ఇప్పుడు ఫోన్ వీడియోలను చానెళ్లు కూడా తీసుకుని వేస్తున్నాయి కాబట్టి ఇది ఇంకా అవసరం.

అంకెల విషయంలో ఒక్కటే. 1989 డిసెంబర్‌లో రుమేనియాలోని తిమిషోరాలో 4 వేల మందికి పైగా చనిపోయారని ప్రపంచమంతా ప్రసారం చేసింది. తర్వాత తేలిందేమిటంటే, ఆ విప్లవంలో దేశం మొత్తం మీద చనిపోయినవాళ్లే సుమారు 1,100 మంది. ఆ పెద్ద అంకె ఒక ఏజెన్సీ నుంచి ఇంకో ఏజెన్సీకి పాకుతూ పోయింది. మృతుల సంఖ్య రాసిన ప్రతిచోటా లెక్క చెప్పింది ఆసుపత్రా, పోలీసా, పార్టీయా, ‘సాక్షులా’ అన్నది అదే వాక్యంలో ఉండాలి, కింది వాక్యంలో కాదు.

టైం కూడా. మనకూ శ్రీలంకకూ ఒకటే. ఢాకా మనకంటే అరగంట ముందు, ఖాట్మండు పావుగంట ముందు, యాంగోన్ గంట ముందు, ఇస్లామాబాద్ అరగంట వెనక, కాబూల్ గంట వెనక. ఈ పావుగంటలు, అరగంటలే కొంప ముంచుతాయి. ప్రకటన ముందా, కాల్పులు ముందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు పావుగంట తేడా మొత్తం కథను తిప్పేస్తుంది. గోడ మీద ఒక గడియారం గ్రీనిచ్ టైంకి పెట్టి, లాగ్ అంతా దాంట్లోనే రాయండి. పక్కన స్థానిక టైం.

రాత్రి రిపోర్ట్ ఎంత ఉండాలంటే, ఒక పేజీ. మొదటి నాలుగైదు లైన్లు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మాత్రమే: ప్రభుత్వ చానెల్ నిన్న మొదటి వార్తగా ప్రధానిని చూపింది, ఇవాళ రెండోది, హోంమంత్రి రెండు రోజులుగా కనబడలేదు, నిరసనకారులను మొదటిసారి ‘విద్యార్థులు’ అంది, రాత్రి 8 బులెటిన్ 12 నిమిషాలు ఆలస్యమైంది. తర్వాత ముఖ్యమైన మాటలు, అన్నవాళ్ల పేరు, టైం, మూల భాషలో ఆ మాట. చివర్లో విడిగా గీత గీసి, ‘నాకు తోచింది’ అని రెండు లైన్లు రాసుకోవచ్చు. చిన్నాయన కొట్టేసిన నాలుగో గడి అది. గీతకి కింద ఉన్నంతకాలం దాన్ని నేను తప్పు పట్టను. ఎన్నో రోజులు చూసినవాళ్లకి తోచే సంగతులకు విలువ ఉంది, కాకపోతే అవి మీవని చదివేవాళ్లకి తెలియాలి.

రాత్రికి చేతిలో ఏమీ ఉండటం లేదన్నారు. ఏమీ మారకపోవడం కూడా రాయాల్సిందే. ‘మార్పు లేదు’ అన్న లైను పది రోజులు వరసగా ఉంటేనే పదకొండో రోజు లైనుకి బరువు.

పాకిస్తానీ చానెళ్ల గురించి ఒక మాట. 2025 ఏప్రిల్ చివర్లో వాటిలో చాలావాటి యూట్యూబ్ చానెళ్లను మన ప్రభుత్వం ఇక్కడ ఆపేసింది. పని కోసం చూడాల్సి వస్తే మీ ఆఫీసులో లీగల్ చూసేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. సొంతంగా అడ్డదారులు పట్టొద్దు.

2024 జులైలో ఢాకాలో నెట్ పోయిన రోజుల్లో మా వీధిలో ఒకావిడ రోజూ సాయంత్రం మా గేటు దగ్గరకు వచ్చేది. కొడుకు అక్కడ ఎంబీబీఎస్. ఫోన్ కలవదు, వాట్సాప్ లేదు. ‘టీవీలో ఏమంటున్నారు సార్?’ అని అడిగేది. మొదటి రోజు ఆవిడకి ధైర్యం చెబుదామని ‘ఏం కాదమ్మా, సర్దుకుంటుంది’ అన్నాను. ఆ మాటతో ఆవిడ ముఖంలో ఏ మార్పూ రాలేదు. రెండో రోజు నోట్‌బుక్ తెచ్చి చదివాను. కర్ఫ్యూ ఫలానా గంటల్లో సడలిస్తామని అక్కడి ప్రభుత్వం చెప్పింది, భారతీయ విద్యార్థులు సరిహద్దు దాటి వస్తున్నట్టు మన విదేశాంగ శాఖ చెప్పింది, మీవాడి కాలేజీ ఉన్న ఊరి పేరు ఇవాళ ఏ బులెటిన్‌లోనూ రాలేదు. ఆవిడ చీర కొంగుతో కళ్లు తుడుచుకుని, చివరి మాట మళ్లీ చదవమంది. అబ్బాయి ఆ వారాంతానికి ఇంటికి చేరాడు.

ఇక రేడియో. ఈ ఉద్యోగానికి ముందు కొనాల్సింది రేడియో కాదు, మంచి హెడ్‌ఫోన్స్, రికార్డింగ్‌లు దాచడానికి హార్డ్ డిస్క్. ప్రతి బులెటిన్ రికార్డ్ చేసి తేదీ, టైం పేరుగా పెట్టి దాచండి. దూరదేశాల నుంచి నేరుగా వినబడే షార్ట్‌వేవ్ రేడియో మునుపటంత లేదు. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరితో ఆగింది, 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికా కూడా ఉన్నట్టుండి మూగబోయింది. అయినా పూర్తిగా వదిలేయమనను. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, 2022 మార్చిలో, బీబీసీ ఉక్రెయిన్ వైపు రోజుకు నాలుగు గంటలు షార్ట్‌వేవ్ ప్రసారం పెట్టింది. నెట్ ఆపేయగలిగినవాళ్లు షార్ట్‌వేవ్‌ని అంత సులువుగా ఆపలేరు. కొనాలనుకుంటే టెక్సన్ కంపెనీ చిన్న సెట్ ఏదైనా చాలు. అపార్ట్‌మెంట్‌లో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ వల్ల గురగుర తప్ప ఏమీ వినబడదు కాబట్టి టెర్రస్ మీదకు వెళ్లండి. పది మీటర్ల మామూలు వైరు వాటర్ ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా కట్టి, రాత్రి ఎనిమిది దాటాక 31 మీటర్ల బ్యాండ్, తర్వాత 49 తిప్పండి. కొనకుండా వినాలంటే నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం రిసీవర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అలాంటివే మీరు చూసే దేశానికి దగ్గర్లో ఉన్నవి కూడా దొరుకుతాయి. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో హ్యామ్ రేడియో, అంటే ఔత్సాహికులు నడిపే రేడియో, జాతీయ సంస్థ ఉంది, యాంటెన్నా గురించి అడిగితే ఓపిగ్గా చెబుతారు. భాష గట్టిపడాలంటే తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది, అక్కడ ఏయే కోర్సులున్నాయో వెళ్లి కనుక్కోండి.

ఇవాళ రాత్రి ప్రభుత్వ చానెల్ ప్రధాన బులెటిన్ ఒక్కటే మొదటి నుంచి చివరి దాకా వినండి. వార్తల వరస, ఒక్కో వార్త ఎన్ని నిమిషాలు, ఎవరిని ఏ పేరుతో పిలిచారు, ఇవే రాయండి. రేపు అదే టైంకి మళ్లీ. వారం అయ్యాక ఆ ఏడు పేజీలు పక్కపక్కన పెట్టి, ఏం తేడా కనబడిందో ఇక్కడ రాయండి, చూస్తాను.